బిడ్డకు బొగ్గు పూసిన అవ్వ

(కోవిల్‌పట్టిలోను, విరుదునగరంలోను తెలుగు మాట్లాడే క్రైస్తవ కుటుంబాల యువజన కూటాల్లో చేసిన ప్రసంగం. రెండు చోట్ల చెప్పిన మాటలను కలిపి రాసిన పాఠం ఇది.)



ఇక్కడికి బయలుదేరేటప్పుడు నా తెలుగు మీకు అర్థమవుతుందా అని కొంచెం భయపడ్డాను. రాత్రి నేను బస చేసిన ఇంట్లో ఒక అవ్వ నాకు అన్నం వడ్డించింది. ఆమెకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. చదివేది తమిళ బైబిలు. కానీ నేను చిన్నప్పుడు విని, ఇప్పుడు మరిచిపోయిన మాటలు ఆమె నోట వచ్చాయి. విజయనగర కాలంలో, నాయకరాజుల కాలంలో మీ పెద్దలు ఈ నల్లరేగడి నేలకు వచ్చారు. ఇన్ని వందల ఏళ్లు, చాలా ఇళ్లలో తెలుగు బడి లేకుండా, తెలుగు పుస్తకం లేకుండా ఈ భాష ఎలా నిలబడింది? మీ కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలస కథను 'గోపల్ల గ్రామం' అనే తమిళ నవలగా రాశారు. అందులో కూడా పాత సంగతులు చెప్పేది ఒక ముసలి అవ్వే. రాసిన వాళ్లు తక్కువ. ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పిన వాళ్లు ఎక్కువ.

ఈరోజు నేను మాట్లాడదలచింది అవ్వ గురించే. అవ్వ ఒడిలోంచి బిడ్డను లాక్కోవడానికి ప్రభుత్వం వచ్చినప్పుడు ఏం జరిగింది, అప్పుడు సంఘం ఎవరి పక్షాన నిలబడింది అన్న సంగతి.

మన ఇళ్లలో పసిబిడ్డకు స్నానం చేయించి, సాంబ్రాణి వేసి, బుగ్గ మీద ఒక దిష్టిచుక్క పెడతారు. దిష్టిని నమ్మవద్దని నేనూ ప్రసంగాల్లో చెబుతుంటాను, మా ఇంట్లోనే నా మాట చెల్లలేదు, అది వేరే సంగతి. ఆ చుక్క ఎందుకు? బిడ్డ అందంగా ఉంది, ఎవరి కన్నూ పడకూడదని. ఆస్ట్రేలియాలో ఆదివాసీ కుటుంబాలు కూడా తమ పిల్లలకు నలుపు పూశాయి. ఒక చుక్క కాదు, ఒళ్లంతా. పొద్దున్నే బొగ్గు నూరి, జంతువు కొవ్వులో కలిపి, ముఖానికి, చేతులకు, కాళ్లకు పట్టించేవారు. పోలీసులు వచ్చి చూస్తే నల్ల పిల్లలే కనబడాలి. కాస్త చామనఛాయ బిడ్డ కనబడితే తీసుకుపోతారు.

మన దగ్గర బిడ్డ తెల్లబడాలని శనగపిండి రుద్దుతాం. పెళ్లి సంబంధం చూస్తే మొదట రంగు అడుగుతాం. అక్కడ బిడ్డ రంగు కొంచెం తేలిందంటే ఆ ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. తెల్లజాతి రక్తం కలిసిన పిల్లలను ఆదివాసీల మధ్య ఉంచకూడదు, విడదీసి పెంచితే ఒకటి రెండు తరాల్లో వాళ్లు తెల్లవాళ్లలో కలిసిపోతారు, ఆదివాసీ అన్నవాడే మిగలడు. ఇదీ ప్రభుత్వం లెక్క. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు 'సంరక్షణ'. ఆ పని చూసే అధికారి పేరు 'ప్రధాన సంరక్షకుడు'. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1905 నాటి చట్టం ప్రకారం ఆదివాసీ బిడ్డకు చట్టబద్ధమైన గార్డియన్ ఆ అధికారే. కన్నతల్లి, పెంచిన అవ్వ ఆ తర్వాతే. న్యూ సౌత్ వేల్స్‌లో 1915 సవరణ తర్వాత పిల్లను తీసుకుపోవడానికి కోర్టు ఉత్తర్వు కూడా అక్కరలేకపోయింది. అక్కడి కించెలా బాలుర హోమ్‌లో పిల్లలను పేరుతో పిలవలేదు. నంబరుతో పిలిచారు.

'ర్యాబిట్ ప్రూఫ్ ఫెన్స్' అనే సినిమా మీలో కొందరు చూసి ఉంటారు. అది జరిగిన కథ. 1931లో జిగలాంగ్ అనే చోటి నుంచి మాలీ, డైసీ, గ్రేసీ అనే ముగ్గురు ఆడపిల్లలను మూర్ రివర్ అనే సెటిల్‌మెంటుకు తీసుకుపోయారు. వాళ్లు తప్పించుకుని, కుందేళ్లను అడ్డుకోవడానికి వేసిన కంచె వెంట సుమారు 1,600 కిలోమీటర్లు నడిచారు. గ్రేసీ దారిలో దొరికిపోయింది. మిగతా ఇద్దరూ ఇల్లు చేరారు. సినిమా అక్కడ ఆగుతుంది గానీ మాలీ కష్టం ఆగలేదు. పెళ్లయి ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక ఆమెను మళ్లీ అదే మూర్ రివర్‌కు పట్టుకుపోయారు. 1941లో చంటిపిల్లను ఎత్తుకుని మళ్లీ పారిపోయి వచ్చింది. పెద్దపిల్లను అక్కడే వదిలి రావలసి వచ్చింది. ఎత్తుకొచ్చిన ఆ చిన్నదాన్ని కూడా కొన్నేళ్లకు తీసుకుపోయారు. ఆ బిడ్డను తల్లి మళ్లీ చూడలేదు. విడిచివచ్చిన పెద్దపిల్ల డోరిస్ మిషన్‌లో పెరిగి, ఇరవై ఏళ్లు దాటాక తల్లిని కలిసింది. తల్లి కథను పుస్తకంగా రాసింది ఆమే.

మిషన్ అన్నాను. ఇక్కడ మనం కాస్త నిలబడాలి. ఈ పిల్లల్లో చాలామందిని ఉంచింది చర్చీలు నడిపిన హోముల్లో. పొద్దున ప్రార్థన, రాత్రి ప్రార్థన, మధ్యలో నీ తల్లి మంచిది కాదు, నీ భాష మాట్లాడవద్దు అన్న బోధ. ఈ సంగతులన్నీ విచారించి 1997లో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ 'బ్రింగింగ్ దెమ్ హోమ్' అనే నివేదిక ఇచ్చింది. 500 మందికి పైగా సాక్ష్యాలు తీసుకున్నారు. 1910 నుంచి 1970 వరకు ఆదివాసీ పిల్లల్లో ప్రతి పదిమందిలో ఒకరి నుంచి ప్రతి ముగ్గురిలో ఒకరి వరకు బలవంతంగా వేరుచేశారని ఆ నివేదిక తేల్చింది. ఆ విచారణ నడిపిన వారిలో ఒకరు సర్ రోనాల్డ్ విల్సన్. హైకోర్టు జడ్జీగా చేసినవాడు, అక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది. అంతకంటే మనకు ముఖ్యమైన సంగతి, ఆయన సంఘ పెద్ద. పశ్చిమ ఆస్ట్రేలియా ప్రెస్బిటేరియన్ సంఘానికి మోడరేటర్‌గా ఉన్నాడు. అలా వేరుచేసిన పిల్లలను ఉంచిన 'సిస్టర్ కేట్స్' అనే హోమ్‌ను నడిపింది ఆ సంఘమే. ఆ సాక్ష్యాలు వింటూ ఆయన తనలోకి తాను చూసుకున్నాడు. మేమూ ఇందులో ఉన్నాం అని బయటికి చెప్పాడు. తీర్పు చెప్పడానికి కూర్చున్నవాడు ముద్దాయిల వరుసలో తన కుర్చీ వేసుకున్నాడు. జడ్జీలలోనే కాదు, పాస్టర్లలో కూడా ఇది అరుదు.

2008 ఫిబ్రవరి 13న అక్కడి ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. అంతటితో అయిపోయిందా? ఆరేళ్లకు, 2014లో, గన్నెడా అనే పల్లెపట్నంలో ఆదివాసీ అవ్వలు మళ్లీ వీధిలోకి రావలసి వచ్చింది. ఇప్పుడు చట్టం మాట మారింది. జాతి పేరు చెప్పరు. 'నిర్లక్ష్యం' అంటారు, 'ప్రమాదం' అంటారు. వచ్చేవాళ్లు యూనిఫాం వేసుకోరు, ఫైలు పట్టుకుని కారులో వస్తారు, అవసరమైతే వెనక పోలీసులుంటారు. మా మనవళ్లను మేం పెంచుకోగలం, మమ్మల్ని ఎందుకు అడగరు అని ఆ అవ్వలు 'గ్రాండ్‌మదర్స్ అగైనెస్ట్ రిమూవల్స్' అనే ఉద్యమం మొదలుపెట్టారు. మనవలను విడదీయడానికి ఎదురు నిలిచిన అవ్వలు అన్నమాట. ఇందులో చాలామంది చిన్నతనంలో తామే అలా హోముల పాలైనవాళ్లు, లేదా అలాంటి వాళ్ల కూతుళ్లు.

ఆస్ట్రేలియా కథ మాకెందుకయ్యా అని ఎవరైనా అనుకుంటున్నారేమో. 1911లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఒక చట్టం వచ్చింది. ప్రతి ఆదివాసీ బిడ్డకూ ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా ప్రధాన సంరక్షకుడే గార్డియన్ అని. అదే 1911లో, అదే బ్రిటిష్ సామ్రాజ్యంలో, మన దేశంలో నేరస్థ జాతుల చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. కొన్ని కులాల్లో పుట్టడమే నేరమని చెప్పిన చట్టం. వేలిముద్రలు, హాజరు పట్టీ, ఊరు దాటాలంటే పాసు. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది ఒకటుంది. ఆ జాతుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి, పెంచేవాళ్ల నుంచి వేరుచేసి, పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ఆ చట్టంలోనే ప్రభుత్వానికి ఇచ్చారు. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు. ఆరేళ్ల పిల్లవాడు ఏం దొంగతనం చేస్తాడు? చేయడు. పెద్దయ్యాక చేస్తాడని ముందే తీర్పు.

బాపట్ల దగ్గర స్టూవర్టుపురం పేరు విన్నారు కదా. సినిమావాళ్లు ఆ పేరును దొంగల ఊరుగా అమ్ముకున్నారు. అది 1913లో ఎరుకల కుటుంబాల కోసం పెట్టిన సెటిల్‌మెంటు. సర్ హెరాల్డ్ స్టూవర్ట్ అనే మద్రాసు ప్రభుత్వ పెద్ద పేరు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, మన రక్షణ సైన్యం. ఆ సంస్థను మన దేశంలో నడిపించిన ఫ్రెడరిక్ బూత్-టకర్ ఈ జాతులను బాగుచేసే పద్ధతికి 'క్రిమినోక్యూరాలజీ' అనే పేరు పెట్టి పుస్తకమే రాశాడు. నేరం ఒక రోగం, సెటిల్‌మెంటు ఆస్పత్రి అన్నట్టు. కావలి సెటిల్‌మెంటును అమెరికన్ బాప్తిస్టు మిషన్ నడిపింది. అవి మన మిషన్లే. మనలో చాలామంది తాతముత్తాతలకు బడి, ఆస్పత్రి, బైబిలు ఇచ్చిన మిషన్లు. స్టూవర్టుపురంలో ఈరోజుకీ ఆ సంఘాల్లో విశ్వాసంగా ఉన్నవాళ్లున్నారు. అక్కడ చదువుకుని ఉద్యోగాలకు వెళ్లినవాళ్లున్నారు. వాళ్ల కృతజ్ఞతను నేను చులకన చేయను. అక్కడ పనిచేసిన మిషనరీలు చెడ్డవాళ్లని చెప్పడానికీ రాలేదు. మంచివాళ్లే ఇది చేశారు. నన్ను నిద్రపోనివ్వనిది అదే. చెడ్డవాడు బిడ్డను లాక్కుంటే ఊరంతా దొంగ అని అరుస్తుంది. ప్రార్థన చేసి, చొక్కా తొడిగి, పలక చేతికిచ్చి తీసుకుపోతే వద్దని చెప్పడానికి అవ్వకు మాట ఉండదు.

ఇంకొక విచిత్రం వినండి. ఎరుకలవాళ్లు ఇంట్లో మాట్లాడే మాట తమిళానికి దగ్గరి భాష. మీరు తమిళనాడులో ఉండి ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వాళ్లు తెలుగునాట ఉండి ఇంట్లో తమిళానికి దగ్గరి మాట మాట్లాడతారు. అద్దంలో చూసుకున్నట్టు ఉంటుంది. అంతే కాదు, ఈ తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే విముక్త జాతుల జాబితా తీసి చూడండి. తొట్టియ నాయకర్లు అని ఉంటుంది, పక్కన ఏయే జిల్లాలో కూడా ఉంటుంది. అందులో విరుదునగరం ఉంది, తూత్తుకుడి ఉంది. వీరపాండ్య కట్టబొమ్మన జాతి, ఇంట్లో తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకర్లు ఆ పద్దు కిందికే వస్తారు. 1799లో కట్టబొమ్మనను ఉరితీసిన కయత్తారు మీకు ఎంత దూరం? ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో రద్దు చేసింది. దేశమంతటా పోయింది 1952 ఆగస్టు 31న. ఆ జాతులు ఆగస్టు 31ని తమ విముక్తి దినంగా జరుపుకుంటున్నాయి. మన చర్చి క్యాలెండరులో ఆ రోజు లేదు.

స్టూవర్టుపురం మాట వచ్చింది కాబట్టి ఇంకొక పేరు చెప్పి ముందుకు పోతాను. హేమలతా లవణం. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనాన్ని అనుభవించి, దాన్నే కవిత్వం చేసిన గుర్రం జాషువా గారి కూతురు. 1970లలో ఆమె స్టూవర్టుపురం వెళ్లింది, ఇళ్లలో కూర్చుంది, మాట్లాడింది. ఆమె నాస్తికుల కుటుంబంలో కోడలు. మనం మన సంఘ చరిత్రలో స్టూవర్టుపురం గురించి గొప్పగా చెప్పుకుంటాం గాని ఈమె పేరు చెప్పం. బహుశా నాస్తికురాలని. మంచి సమరయుని కథ మనకు కంఠస్థమే అయినా.

ఇప్పుడు వాక్యంలోకి వెళదాం. నిర్గమకాండం రెండో అధ్యాయం. సండే స్కూల్లో జమ్ముపెట్టె బొమ్మకు రంగులు వేయించారు కదా, ఆ కథే. ఫరో ఆజ్ఞ ఇచ్చాడు, హెబ్రీ మగపిల్లలను నదిలో పారవేయమని. తల్లి మూడు నెలలు దాచింది. ఇక దాచలేక పెట్టెలో పెట్టి నది ఒడ్డున జమ్ములో ఉంచింది. అక్క దూరంగా నిలబడి చూసింది. ఫరో కుమార్తె వచ్చింది, బిడ్డ ఏడ్చాడు, ఆమె కనికరపడింది. ఇంతవరకు అందరం ప్రసంగాలు చేస్తాం.

తరువాత ఆ చిన్నపిల్ల చేసిన పని చూడండి. రాజకుమార్తె బిడ్డను తీసుకుపోయేదే. కనికరంతోనే తీసుకుపోయేది. అప్పుడు మిర్యాము ముందుకొచ్చి, పాలిచ్చి పెంచడానికి హెబ్రీ దాది ఒకతెను పిలుచుకు రానా అని అడిగింది. పిలుచుకొచ్చింది ఎవరిని? కన్నతల్లినే. రాజకుమార్తె ఆ బిడ్డను ఆమె చేతికే ఇచ్చి, పెంచు, నేను నీకు జీతం ఇస్తాను అంది. బిడ్డ తన ఇంటికే తిరిగొచ్చాడు. పెంచే ఖర్చు ఫరో ఖజానా నుంచి వచ్చింది. మోషే ఆ తర్వాత రాజభవనానికి వెళ్లాడు, నిజమే. కానీ ముందు తన వాళ్ల మధ్య పాలు తాగాడు, తన వాళ్ల మాట విన్నాడు. పెద్దయ్యాక కొరడా దెబ్బలు తింటున్న కూలివాణ్ణి చూసి, వీడు నా సహోదరుడు అని ఎలా గుర్తుపట్టాడు? ఎవరో చిన్నప్పుడు చెప్పి ఉండాలి కదా.

నేను సెమినరీలో ఈ అధ్యాయం మీద వ్యాసం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ జీతం మాట మీద ఒక్క వాక్యం రాయలేదు. దాని అర్థం నాకు ఒక అవ్వ నేర్పింది. ఇప్పుడు చెప్పేది నా తప్పు.

ఇరవై ఏళ్ల కిందట కోనసీమలో ఒక చిన్న పల్లెలో నా మొదటి సేవ. మా సంఘంలో ఇద్దరు పిల్లలు, ఎనిమిదేళ్ల పిల్లవాడు, ఆరేళ్ల చెల్లెలు. తండ్రి కొబ్బరిచెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. అప్పులు తీర్చడానికి తల్లి ఇంటిపనికి కువైట్ వెళ్లింది. పిల్లలు అవ్వ దగ్గర ఉండేవారు. ఆమె కొబ్బరి పీచు తాళ్లు పేనేది. కొన్ని రోజులు గంజితో సరిపెట్టుకునేవారు. నాకు జాలేసింది. పట్నంలో ఒక పిల్లల హోమ్ ఉంది, విదేశాల నుంచి దాతలు ఒక్కో పిల్లకు నెలనెలా డబ్బు పంపుతారు. మంచి భోజనం, ఇంగ్లీషు చదువు. నేనే మాట్లాడాను. ఫారం నేనే నింపాను. తల్లి, తండ్రి అన్న చోట 'లేరు' అని రాయమన్నారు, రాశాను. పిల్లల కోసమే కదా అనుకున్నాను. అవ్వ వేలిముద్ర వేస్తూ ఒక్క మాటే అంది. "అయ్యగారూ, ఆళ్లకి నేనున్నాను కదండీ." నేను నవ్వి, నువ్వు ఎన్నాళ్లుంటావమ్మా అన్నాను. దేవుని సేవకుడి నోట వచ్చిన మాట అది.

ఆమె కొబ్బరి లౌజు చేసుకుని, బస్సెక్కి, ఆదివారం మధ్యాహ్నం ఆ గేటు దగ్గరికి వెళ్లేది. మూడు నెలలకు ఒకసారే చూడనిస్తాం, మాటిమాటికీ వస్తే పిల్లలు బెంగపెట్టుకుంటారు అన్నారు. లౌజు డబ్బా మాత్రం తీసుకునేవారు. ఆమె నాతో చెప్పింది. కొన్నాళ్లకు అలవాటు పడతారమ్మా అన్నాను.

ఒకరోజు ఆ హోమ్ వాళ్లు నాకు పిల్లల ఉత్తరాల కట్ట ఇచ్చారు, దాతలకు పంపడానికి ఇంగ్లీషు చేయమని. మధ్యలో ఆ పిల్లవాడి ఉత్తరం వచ్చింది. గుండ్రటి అక్షరాలతో, తనకు ఈ లోకంలో ఎవరూ లేరని, దాతగారే తల్లీ తండ్రీ అని రాశాడు. బ్లాక్‌బోర్డు మీద రాసి ఉంటే చూసి రాశాడని తెలుస్తూనే ఉంది, మిగతా ఉత్తరాలన్నీ అవే మాటలు. నేను ఏం చేశాను? ఇంగ్లీషు చేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, చక్కని ఇంగ్లీషులో చేసి ఇచ్చాను. ఇంటికొచ్చాక తిండి సహించలేదు. వాడి చేత, అవ్వ బతికుండగానే, అవ్వ లేదని నేను రాయించాను. ఫారం మీద మొదట రాసింది నేనే కదా.

వెంటనే తీసుకొచ్చేశానని చెబితే బాగుండును. ఇంకో ఏడు నెలలు పట్టింది. ఆ హోమ్ వాళ్ల ముఖం ఎలా చూడాలి, దాతలకు ఏం చెప్పాలి, నలుగురు పాస్టర్లు ఏమనుకుంటారు, ఇవన్నీ అడ్డొచ్చాయి. చివరికి మా సంఘంలో తల్లులే దారి చూపించారు. మనకు గుప్పెడు బియ్యం కానుక ఉంది కదా. వండే ముందు గుప్పెడు తీసి పక్కన పెట్టి ఆదివారం తెస్తారు. అది పాస్టరు ఇంటికి వచ్చేది. ఈ బియ్యం ఆ అవ్వకు ఇద్దాం అని ఒక తల్లి అంది. ఇంకొకామె పిల్లల పుస్తకాల ఖర్చు చూసుకుంటానంది. లెక్క వేస్తే, ఆ హోమ్‌లో ఒక పిల్లకు అయ్యే ఖర్చులో సగంతో ఆ ఇంట్లో ముగ్గురూ బతికారు. పిల్లలు ఇల్లు చేరిన రోజు చెల్లెలు అవ్వతో రెండు రోజులు మాట్లాడలేదు. నన్ను ఎందుకు పంపేశావు అన్న కోపం. ఆ కోపం నా మీద పడవలసింది.

అయితే పిల్లలను ఎప్పుడూ ఎవరూ ఇంటి నుంచి తీయకూడదా? అలా అనను. కొట్టే ఇళ్లున్నాయి. తాగి పిల్లల మీద చెయ్యి వేసే సొంత మనుషులున్నారు. అమ్మేసే వాళ్లున్నారు. అలాంటి చోట నుంచి బిడ్డను ఆ రాత్రే బయటికి తేవాలి, 1098కి ఫోన్ చేయాలి, కుటుంబ పరువు అని సంఘం కప్పిపుచ్చకూడదు. నేనడిగేది, పేదరికాన్ని ఆ లెక్కలో ఎందుకు కలిపామని. ఇంట్లో బియ్యం లేకపోతే బియ్యం ఇవ్వాలి. బిడ్డను తీసుకుపోవడం ఏ మందుకు ఏ రోగం?

దీన్ని మీ జిల్లా వాళ్లే అందరికంటే ముందు గ్రహించారు. కామరాజు విరుదునగరం బిడ్డ. ఆరేళ్లకే తండ్రిని పోగొట్టుకుని, చదువు మధ్యలో ఆపేసినవాడు. ముఖ్యమంత్రి అయ్యాక ఆకలితో ఉన్న పిల్లల కోసం హోములు కట్టించలేదు. బడిలో మధ్యాహ్నం అన్నం పెట్టించాడు. ఆ పథకాన్ని ఎట్టయపురంలో ప్రారంభించాడని ఇక్కడి పెద్దలు చెబుతారు. అన్నం బడిలో, నిద్ర అమ్మ పక్కన. శివకాశి అగ్గిపెట్టెలు, బాణసంచా ఫ్యాక్టరీల్లో పిల్లల పని మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 10న ఇచ్చిన తీర్పు కూడా చూడండి. పిల్లను పనిలో పెట్టుకున్న యజమాని 20,000 రూపాయలు కట్టాలి. ఆ పిల్ల బదులు ఇంట్లో ఒక పెద్దవాళ్లకు పని చూపించాలి, చూపించలేకపోతే ప్రభుత్వం ఇంకో 5,000 జమచేయాలి అంది. అమలు ఎంత జరిగిందో మీకే బాగా తెలుసు. కానీ చూపు సరైనది. పిల్లను పని నుంచి తీశావు సరే, ఆ ఇంటి పొయ్యి ఎలా వెలుగుతుందో కూడా చూడు అన్నారు జడ్జీలు.

మనవాళ్ల సంగతి చూస్తే, ఇదే తమిళనాడులో అనాథ శరణాలయాల్లో పిల్లలు పడిన బాధల మీద 2007లో సుప్రీంకోర్టు ముందుకు కేసు వెళ్లింది. కేసు పేరులోనే తమిళనాడు ఉంది. 2017లో తీర్పు ఇస్తూ పిల్లల హోములన్నీ రిజిస్టరు కావాలని ఆదేశించింది. మా వైపు తక్కువేం కాదు. 1999లో, 2001లో హైదరాబాదు దత్తత కేంద్రాల గుట్టు బయటపడింది. లంబాడా తండాల ఆడశిశువులను కొద్ది డబ్బుకు కొని విదేశాలకు పంపిన వ్యవహారం అది. 2011లో నార్వేలో ఒక భారతీయ తల్లి దగ్గర నుంచి ఇద్దరు పిల్లలను తీసుకుపోతే దేశమంతా మండిపడింది. చేత్తో అన్నం తినిపిస్తే తప్పా అని మనమందరం అడిగాం. ఆ మీద సినిమా వస్తే మా సంఘంలో అక్కలు కళ్లు తుడుచుకుంటూ చూశారు. తండా తల్లి కోసం ఎవరూ సినిమా తీయలేదు, మేమూ అడగలేదు.

యౌవనస్థులారా, మీలో న్యాయశాస్త్రం, సోషల్ వర్క్ చదువుతున్నవాళ్లు ఉన్నారని విన్నాను. 2015 నాటి బాలల న్యాయ చట్టం చదవండి. కుటుంబమే మొదటి చోటు, హోమ్ చిట్టచివరి దారి అని దాని మూల సూత్రాల్లోనే ఉంది. మిషన్ వాత్సల్య కింద, తండ్రిని పోగొట్టుకున్న పిల్లలకు, బంధువుల దగ్గర పెరిగే అనాథలకు నెలకు 4,000 రూపాయలు స్పాన్సర్‌షిప్ ఇస్తారు. ఏటా ఆదాయం పల్లెలో 72,000, పట్నంలో 96,000 దాటకూడదు. కలెక్టరేటులో జిల్లా బాలల సంరక్షణ విభాగం ఉంటుంది, అక్కడ దరఖాస్తు ఇవ్వాలి. పెంచు, నేను జీతం ఇస్తాను అన్న ఫరో కుమార్తె మాట ఇప్పుడు ప్రభుత్వ జీవోలో ఉంది. కానీ ఆ కాగితం అవ్వ చేతికి ఎవరు అందిస్తారు? మిర్యాముకు అప్పుడు ఎన్నేళ్లు ఉంటాయి? మీ అందరికంటే చిన్నది.

ఈ ఊళ్లో పారిశుద్ధ్య పనికి తెల్లవారకముందే వెళ్లే అరుంధతీయ తల్లులున్నారు, వాళ్లూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అగ్గిపెట్టెల పనికి వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు పొద్దున లేచేసరికి పక్కన ఉండేది అవ్వే. అలాంటి ఇళ్లు మీ సంఘం చుట్టూ ఎన్నో లెక్కపెట్టండి. మీ సంఘం డబ్బు పంపే హోమ్ ఏదైనా ఉంటే, వచ్చే వారమే వెళ్లి రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. అక్కడ ఉన్న పిల్లల్లో ఎందరికి అమ్మ ఉందో, అవ్వ ఉందో అడగండి. అడిగితే కోపమొస్తే, మళ్లీ అడగండి.

పౌలు తిమోతికి ఉత్తరం రాస్తూ ఆ అబ్బాయి విశ్వాసం మొదట ఎవరిలో నివసించిందో పేరు పెట్టి చెప్పాడు. లోయి. మన తెలుగు బైబిల్లో ఆమెకు వాడిన మాట 'అవ్వ'. అదే మాట, మీ ఇళ్లలో పిలిచేదే.

నేను చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలకు అరగంట ఉందన్నారు. వెనక వరుసలో అవ్వలు కూర్చున్నారు, తమ్ముడూ, మైకు ముందు అటు తీసుకెళ్లు.